కర్పూరం పొట్లంతో మర్రిమాను కిందికి

ముదిగుబ్బలో కదిరి బస్సు ఎక్కేముందు కర్పూరం కొనాలి. రోడ్డు పక్క కిరాణా అంగట్లో పొద్దుటి పూజ ఇప్పుడే అయింది. గల్లాపెట్టె పైన పటం ముందు ఇత్తడి పళ్ళెం ఇంకా వేడిగానే ఉంది. అంగడామె గాజు సీసా మూత తిప్పుతుంటే వాసన ముందు వచ్చింది, బిళ్ళలు తర్వాత కనిపించాయి.

"యాడికి పోతాండారు? కదిరికా?"

"కదిరి దాటుకోని పోవాలక్కా. తిమ్మమ్మ మర్రిమాను కాడికి."

"అట్లయితే రెండు పొట్లాలు తీసుకోండి. ఆడ గాలికి ఒక బిళ్ళ నిలబడదు."

సీసా అడుగున పాత బిళ్ళలు రెండున్నాయి. కొత్తవాటి పక్కన పెట్టి చూస్తే వాటిలో సగం కూడా లేవు. అంచులు అరిగాయి, నడుమ గుంట పడింది. ఎవరూ వాడింది లేదు. కర్పూరానికి నీరయ్యే పని లేదు, గట్టిది గట్టిగానే ఉండి నేరుగా ఆవిరైపోతుంది. గదిలో ఉండే వేడి చాలు దానికి. మూత కాస్త వదులైనా రోజుకింత తగ్గుతూనే ఉంటుంది. అందుకే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కర్పూరం డబ్బాలో నాలుగు మిరియాలు వేసి పెడతారు. ఆమె ఆ పాత బిళ్ళలు రెండూ ఊరికే మన చేతిలో పెట్టింది.

బస్సు ఊరు దాటగానే రెండు వైపులా ఎర్రమన్ను. మాఘమాసం, శివరాత్రి దగ్గరపడుతోంది. శనక్కాయ ఎప్పుడో ఇళ్ళకు చేరింది, చేలు బీడుగా పడున్నాయి. రోడ్డు వెంట చింతచెట్ల కింద ఆడవాళ్ళు దోటీలతో కాయ రాలుస్తున్నారు. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ ఇది. చింత, వేప, కానుగ, మర్రి ఇక్కడ నిలబడ్డాయంటే వాటి ఓపిక వల్లనే.

కర్పూరానికి పేరు తెచ్చిన మాను ఇక్కడ బతకదు. దాని పుట్టిల్లు దక్షిణ చైనా, తైవాన్, దక్షిణ జపాన్, వియత్నాం. దాల్చినచెక్కకు అది దగ్గరి చుట్టం. మన దేశంలో చూడాలంటే నీలగిరులకో డెహ్రాడూన్‌కో పోవాలి. ఏడాది పొడుగునా పచ్చగా, వెడల్పాటి నీడతో ఉంటుంది. ఆకు నున్నన, మొదట్లోనే మూడు ఈనెలు విడిపోతాయి. చిగురు ఎరుపు. పండు చిన్నది, నల్లనిది, పక్షులకు ఇష్టం. ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపితే హారతి వాసన. రోజూ దేవుడి ముందు కర్పూరం వెలిగించే మనలో ఆ ఆకు నలిపి చూసినవాళ్ళు ఎందరున్నారు?

మన ముందు సీట్లో ఒక తల్లి ఒళ్ళో చంటిబిడ్డ. బిడ్డకు జలుబు, ముక్కు గరగరలాడుతోంది. మెడలో చిన్న గుడ్డమూట వేలాడుతోంది. ఆ వాసన ఏమిటో అడగనక్కర్లేదు.

"కర్పూరం కట్టినారా అమ్మా?"

"మా అత్త కట్టింది సార్. పడిశం పట్టింది బిడ్డకి."

"అది వాడి నోట్లోకి పోనీకండి. కొంచెం మింగినా నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు చిన్నపిల్లలకు."

ఆమె ఉలిక్కిపడి మూట విప్పి కొంగున ముడేసుకుంది. ఈ మాట మరికొందరు తల్లులకు చేరాలి. కర్పూరం ఒంటిమీద చల్లగా తగిలి నొప్పిని మరిపిస్తుంది, నిజమే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలో ఉన్నదీ అదే. ఆ సొమ్ముతోనే ఆయన ఆంధ్రపత్రిక నడిపారు. కానీ పైపూతకు మంచిదైంది కడుపులోకి పోతే విషం. పసిపిల్లల ముక్కు దగ్గరకు కూడా తేకూడదు.

కదిరి ఇంకా దూరమే. ఈలోగా 1900 ప్రాంతపు తైవాన్ కొండల్లోకి ఒకసారి పోయొద్దాం.

మబ్బు కిందికి దిగి ఉంది. తడి అడవి. మనిషి కౌగిట్లో పట్టని మాను మొదట్లో ఒకడు కూర్చుని వంపు బాడిసతో చెక్కుతున్నాడు. పేళ్ళు సన్నగా లేచి పడుతున్నాయి, కోసిన చోటల్లా గాలి ఘాటెక్కుతోంది. వాలులో కాస్త కిందికి దిగితే మట్టిపొయ్యి, దాని మీద నీళ్ళ బాన, బాన మీద పేళ్ళు నింపిన చెక్కపీపా. నీటి ఆవిరి పేళ్ళలోంచి దూరి, గొట్టం దారిన చల్లటి పెట్టెలోకి పోతుంది. మంట ఆర్పి, పెట్టె చల్లారాక మూత తీస్తే లోపలి గోడలంతా తెల్లటి పలుకులు. గరిటెతో గీకి తీస్తారు. అడుగున మిగిలిన నూనె కూడా అమ్ముడుపోతుంది.

లేత మానులో కర్పూరం పలచన. యాభై ఏళ్ళు దాటినదైతేనే పొయ్యి కిట్టుబాటు. అదీ ఎక్కువగా ఉండేది మొదట్లో, వేళ్ళలో. కాబట్టి మాను కొట్టి ఊరుకోరు, వేరు కూడా తవ్వుతారు. తర్వాత అక్కడ మళ్ళీ చిగురించడానికి ఏమీ మిగలదు. ఆకులు, రెమ్మలు కోసి కూడా కర్పూరం తీయొచ్చు, మాను అలాగే నిలుస్తుంది. కానీ తొందరలో ఉన్నవాడికి ఆకు చాలలేదు.

ఆ తొందర హారతుల కోసం వచ్చింది కాదు. అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంటు తీసుకున్నాడు. నత్రికామ్లంతో మార్చిన దూదిని కర్పూరంతో కలిపి మెదిపితే వచ్చే పదార్థం అది. దువ్వెనలు, బొమ్మలు, బొత్తాలు, తర్వాత సినిమా రీళ్ళు దానితోనే. పొగరాని తుపాకిమందులోనూ కర్పూరం పడింది. 1895లో జపాన్ తైవాన్‌ను పట్టుకుంది, 1899కల్లా కర్పూరాన్ని సర్కారు గుత్తసొమ్ము చేసింది. మాన్లున్న కొండలు అక్కడి ఆదివాసులవి. మాను కోసం వాళ్ళ మీద ఎన్నో ఏళ్ళు యుద్ధం నడిచింది. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు ఆ కొండల సంగతి కూడా తెలిసి ఉంటే మంచిదని నాకు అనిపిస్తుంది.

కదిరి వచ్చింది. బస్సు దిగి గుడి వీధిలోకి నడుస్తుంటే మల్లెపూల బుట్టలు, కుంకుమ రాశులు, కొబ్బరికాయల గుట్టలు. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి చండ్రచెట్టు మొదట్లో వెలిశాడని చెప్పుకుంటారు. గర్భగుడిలో స్వామి పక్కన ప్రహ్లాదుడు కూడా ఉంటాడు. చీకట్లో హారతి లేస్తే ముందు పసుపు వెలుగు, ఆ వెనుక నల్లటి సన్న పొగ, అందరి చేతులూ ఒక్కసారే ముందుకు. బిళ్ళ అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ కాలి, స్వచ్ఛమైనదైతే బూడిదైనా మిగల్చకుండా పోతుంది. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆనాటి సినిమా రీలు సెల్యులాయిడే, అంటే అందులోనూ కర్పూరమే. ప్రహ్లాదుడు గుళ్ళో హారతి వెలుగులోనూ, తెర మీద రీలులోనూ కర్పూరం సాయంతోనే మన కళ్ళబడ్డాడు.

గుడి బయట అంగట్లో చిన్న డబ్బాల్లో పచ్చకర్పూరం అమ్ముతున్నారు. తిరుమల స్వామి గడ్డాన పెట్టేది, చక్కెరపొంగలిలో చిటికెడు వేసేది అదే. పాతకాలంలో దాని దారి వేరు. సుమత్రా, బోర్నియో అడవుల్లో ఆకాశమంత పెరిగే వేరే జాతి మాను లోపలి చీలికల్లో ఆ పలుకులు గట్టిపడి ఉంటాయి. ఏ మానులో ఉన్నాయో పైకి తెలియదు. కొట్టి చీల్చి చూడాలి, చాలావాటిలో ఏమీ ఉండదు.

ఆ సరుకు సముద్రం దాటి మన తీరానికీ దిగేది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాగేసుకునే కాలమది. మేమా పని చేయం, సుంకం కట్టి వ్యాపారం చేసుకోండి అని ఆ రాయి మీద మాట ఇచ్చాడు. సుంకాల జాబితాలో చందనం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు వగైరాలతో పాటు కర్పూరం, చీనా కర్పూరం, కర్పూరతైలం విడివిడిగా ఉన్నాయి. మూడు రకాల కర్పూర సరుకుకు వేరువేరుగా లెక్క రాసుకున్న రేవు మనది. ఆ తర్వాత కొండవీడును ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలనే బిరుదు పొందాడు. సి. నారాయణరెడ్డి ఆ పేరుతోనే కావ్యం రాశారు. ఎంత వైభవమో! ఆ చల్లిన ప్రతి పిడికెడు వెనుక ఎక్కడో ఒక మాను నేలకొరిగిందన్నదీ అంతే నిజం.

మరి మన పొట్లంలోని బిళ్ళ? దానికి కర్పూరం మానుతో సంబంధం లేదు. ఫిన్లాండులో గుస్టాఫ్ కొంపా 1903లో ప్రయోగశాలలో కర్పూరాన్ని తయారుచేశాడు, 1907లో ఫ్యాక్టరీ పెట్టాడు. దేవదారుకు చుట్టమైన పైన్ మాన్ల బంక నుంచి తీసే టర్పెంటైనే ఇప్పుడు ముడిసరుకు. అందులోని పైనీన్‌ను క్యాంఫీన్‌గా, దాన్ని మరికొన్ని మెట్లలో కర్పూరంగా మారుస్తారు. బరేలీలో, కాంచీపురంలో జరిగేది ఈ పనే. పైన్ మాను బెరడు మీద గాటు పెడితే బంక కారుతుంది, మాను కూలదు. గాటు లోతైతే దానికీ చేటే, ఆ జాగ్రత్త వేరే సంగతి. చెట్టు నుంచి తీసిందే శ్రేష్ఠం, ఫ్యాక్టరీది పనికిరాదు అని పట్టుబట్టేవాళ్ళు తరచు తగులుతుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: కాలే తీరు అదే, వాసన అదే. కోట్ల ఇళ్ళల్లో రోజూ వెలిగే హారతికి మాన్లను కొట్టి సరిపెట్టాలంటే ఏ దేశపు అడవీ మిగలదు. ఆకు నుంచే కావాలంటే ఆఫ్రికా నుంచి వచ్చిన కర్పూర తులసి ఉంది, దాని నూనెలో ఎక్కువ భాగం కర్పూరమే. పొద కోసినా మళ్ళీ ఎదుగుతుంది.

కదిరి నుంచి ఇరవై అయిదు కిలోమీటర్లు, మర్రిమాను ఉన్న గూటిబయలుకు. ఆటో ఎక్కాం. నంబులపూలకుంట మండలం ఇది. సోలార్ పలకలు పరుచుకున్న పెద్ద పార్కు ఉన్నదీ ఈ మండలంలోనే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా కదిరికి దగ్గరే. రాతిగుట్టలు, ముళ్ళకంపలు, ఎండ. దూరంగా నల్లటి పచ్చదనం ఒకటి నేలకు అంటుకుని కనిపిస్తుంది. చిన్న అడవి అనుకుంటాం. దగ్గరికి పోయాక తెలుస్తుంది, అంతా ఒకటే మాను.

నీడలోకి కాలు పెట్టగానే ఎండ వెనకే ఆగిపోయింది. మొదలు ఏదో ఊడ ఏదో తెలియదు. లావాటి స్తంభాలు, వాటి నుంచి అడ్డంగా పోయే కొమ్మలు, ఆ కొమ్మల నుంచి మళ్ళీ దిగే ఊడలు. వెయ్యికి పైనే ఉన్నాయి. విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, అంటే ఐదెకరాలకు కాస్త తక్కువ. బెంగళూరు పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ పూనుకుని దీన్ని లోకానికి చాటాడు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఎర్రటి పండ్లు కాళ్ళకింద చితుకుతున్నాయి. పైన గోరింకల గోల.

1430ల్లో భర్త బాలవీరయ్య చితి మీద తిమ్మమ్మ సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజ ఒకటి చిగురించి ఈ మర్రి అయిందని ఊరి కథ. ఒక ఆడమనిషి మంటల్లో కాలిపోయిన కథ అది. దాన్ని గొప్పగా చెప్పడం నా వల్ల కాదు. కానీ ఈ మాను మీద గొడ్డలి పడకుండా ఇన్ని వందల ఏళ్ళు కాపాడింది ఆమె పేరే. కరువు సీమలో, పశువులకు మేత లేని ఏళ్ళలో, పొయ్యిలోకి పుల్ల దొరకని ఏళ్ళలో ఐదెకరాల మర్రిని ఎవరూ కొట్టలేదంటే మామూలు సంగతి కాదు. తైవాన్ మాన్లకు అలాంటి పేరు ఏదీ అడ్డం నిలవలేదు.

నడిమధ్య తిమ్మమ్మ గుడి. పిల్లల్లేని దంపతులు మొక్కుకోడానికి వస్తారు. ఒకామె గుడిదాకా పోకుండా, దారిలో ఒక ఊడ మొదట్లో కూర్చుని పసుపు పూసి, కుంకుమ పెట్టి, మన పొట్లం లాంటి పొట్లమే విప్పింది. ఎండుటాకులు మందంగా పరుచుకుని ఉన్నాయి అక్కడ. అగ్గిపుల్ల గీసేలోగా మాను చూసుకునే ఆయన పరుగున వచ్చాడు.

"అమ్మా, ఈడ వద్దు. గుడి కాడ రాతిమీద పెట్టండి."

"అమ్మ మానులోనే ఉండాది కదప్పా?"

"ఉండాది కాబట్టే చెప్తాండా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి లేచింది. మనమూ ఆమె వెనకే గుడికి పోయి, రెండు పొట్లాల్లోంచి ఒక్కో బిళ్ళ తీసి రాతి మీద వెలిగించాం. అంగడామె చెప్పినట్టే గాలికి మొదటిది ఆరిపోయింది. రెండోది నిలిచింది.

ఇలా గుడి నీడన బతికిన కర్పూరం మాన్లూ లేకపోలేదు. జపాన్‌లో కగోషిమా దగ్గర కామో గుడి ఆవరణలో ఒకటుంది. మొదలు చుట్టుకొలత 24.2 మీటర్లు, వయసు 1500 ఏళ్ళని అంచనా. 1952 నుంచి దానికి ప్రత్యేక సహజ స్మారకమనే రక్షణ ఉంది. నాగసాకి సన్నో గుడి ముందు రెండున్నాయి. 1945 ఆగస్టు 9న బాంబు పడిన చోటుకు సుమారు 800 మీటర్ల దూరం. కొమ్మలు తెగి, ఒళ్ళు కాలి, చచ్చాయనుకున్నవి మళ్ళీ చిగురించాయి. ఇంకోవైపు ఆస్ట్రేలియా, ఫ్లోరిడాల్లో అందం కోసం నాటిన ఇదే మాను కలుపై స్థానిక అడవుల్ని కమ్మేస్తోంది. కాపాడటమంటే ఎక్కడ పడితే అక్కడ నాటడం కాదు. పుట్టినచోట, పెరిగినచోట ఉన్నదాన్ని నిలబెట్టడం.

మొక్కు ఒక్కటే మానును నిలబెట్టలేదన్నదానికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్ళ పేరుంది. జనం ఊడలు పట్టి ఊగారు, కొమ్మలెక్కారు, బెరడు మీద పేర్లు చెక్కారు, లోపల చెదలు పట్టింది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాల్లో చెదలమందు నింపి, కొమ్మలకు సన్న రంధ్రాలు చేసి చుక్కచుక్కగా ఎక్కించారు. కూలబోయే కొమ్మలకు స్తంభాలు కట్టారు. మానుకు చికిత్స మొదలయ్యాకే అది కోలుకుంది.

తిమ్మమ్మ మాను దగ్గర ఆ పని రోగం రాకముందే జరుగుతోంది. గుడి వెనక ఇందాకటాయన ఒక లేత ఊడ కింద నిలబడి ఉన్నాడు. కొమ్మ నుంచి వేలాడుతోంది, నేలకు ఇంకా బారకు పైనే ఉంది. చిటికెనవేలంత లావు, గోధుమరంగు, కొస మాత్రం పాలిపోయిన గులాబి. ఆ కొస మెత్తగా, తడిగా ఉంది. వెలగట్టలేనిది అదే. పిల్లవాడు ఒకడు పట్టి లాగితే తెగుతుంది, ఊడ దిగడం వెనకబడుతుంది.

"గాలికి ఊగినన్నాళ్ళు లావెక్కదు సార్. మన్ను తగలాల. తగిలినాక బిగుసుకుంటాది, ఇంక కొమ్మకు భయంలేదు."

నేలకందిన ఊడ కాలక్రమాన స్తంభమై కొమ్మ బరువు మోస్తుంది. అందకపోతే పొడుగు సాగిన కొమ్మ తన బరువుకే విరుగుతుంది. అలాంటి బరువైన కొమ్మల కింద రాతిదిమ్మెలు ఆనించి ఉన్నాయి. లేత ఊడలకు అటవీశాఖవాళ్ళు చేసే ఉపాయం వెదురు. పొడుగాటి బొంగును నిలువునా చీల్చి, లోపలి కణుపులు కొట్టేసి, ఎర్రమన్నూ పశువుల ఎరువూ కలిపి నింపుతారు. ఊడ కొసను అందులోకి దించి రెండు బద్దలూ కలిపి కట్టి, రోజూ నీళ్ళు పోస్తారు. ఊడ ఆ మన్ను వెంటే నేలదాకా దిగుతుంది. వెదురు కుళ్ళి రాలేనాటికి దానికి బొంగుతో పనే ఉండదు.

మన్ను గంప పక్కన కొత్త బొంగు చీల్చి ఉంది. ఆయన ఒక బద్దలో మన్ను అదిమి, నీళ్ళు చిలకరించి, స్టూలు ఎక్కాడు. ఊడ కొసను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా మన్నులోకి ఆనించి, రెండో బద్ద కోసం కిందికి చూశాడు.

"ఒక చెయ్యి వేస్తారా సార్? కింద పట్టుకోండి, కదలనీకండి."

బొంగు మొదలు నేలలో దిగేసి రెండు చేతులతో పట్టుకున్నాం. ఆయన పైనుంచి కిందికి మూడుచోట్ల నారతాడు చుట్టి ముళ్ళు వేశాడు. చెంబుతో నీళ్ళు పోస్తే పైమన్ను తడిసి, కాసేపటికి అడుగున ఒక చుక్క రాలింది. ఆయన స్టూలు దిగి, పక్క కొమ్మ నుంచి వేలాడుతున్న ఇంకో ఊడ వైపు గంప జరిపాడు.